వంత లేని బుర్రకథ

(హైదరాబాద్‌లో కొత్తగా, ఎవరైనా ఎక్కి జోకులు చెప్పే ఓపెన్ మైక్‌లు మొదలుపెట్టిన యువతీయువకులతో జులైలో ఒక ఆదివారం సాయంత్రం ఒక కమెడియన్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న నలుగురూ, ఆ ఫ్యాను కింద ఉన్న ఇద్దరూ, కిటికీ పక్కన ఉన్న అమ్మా, మీరు కూడా, లేచి ముందుకి రండి. కుర్చీలు లాక్కుని రండి, చప్పుడైతే అయింది. మధ్యలో ఖాళీ కుర్చీ ఉండకూడదు. మోచేతులు తగలాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

అరవై మంది వస్తామన్నారట. లెక్కపెట్టాను, ఇరవై ఆరు మంది ఉన్నారు. మిగతావాళ్లు ఎక్కడున్నారో నాకు తెలుసు. ఏదో ఫ్లైఓవర్ కింద బైకు ఆపుకుని, 'ఇదిగో, వాన తగ్గగానే వచ్చేస్తాం' అని మెసేజ్ పెడుతుంటారు. (నవ్వులు) హైదరాబాద్ ఫ్లైఓవర్లు పైన వెళ్లేవాళ్ల కంటే కింద నిలబడేవాళ్లకే ఎక్కువ ఉపయోగం.

నన్ను పిలిచినవాళ్లు టాపిక్ ఏంటని అడిగితే వాన, ఎండ, చలి, మొండి ఆడియన్స్ అన్నాను. జోకు ఎలా రాయాలో చెప్తారేమో అనుకున్నాం సార్ అన్నారు. జోకు రాయడం మీకు నాకన్నా బాగా వచ్చు. మీరు రాసినవి ఇన్‌స్టాలో చూస్తుంటాను, కుళ్లుకుంటుంటాను. మీరింకా చూడనిది బయట ఊళ్లు. కెఫేలో ఏసీ ఉంటుంది, లైటు మీ మీదే ఉంటుంది, వచ్చినవాడు టికెట్ కొనుక్కుని నవ్వడానికే వచ్చి ఉంటాడు. నేను పదమూడేళ్లుగా తిరిగింది ఎక్కువగా కుర్చీలు పందిరి వాళ్లవి, మైకు సౌండ్ వాళ్లది, ఆకాశం దేవుడిది అయిన చోట్ల.

మాది తణుకు పక్కన పల్లెటూరు. నా మొదటి డబ్బుల షో వినాయక చవితి పందిట్లో. ఐదో రోజు రాత్రి. నా ముందు కోలాటం, నా తర్వాత లడ్డూ వేలం. పందిరంటే తాటాకులు అనుకోకండి, రేకుల షెడ్డు. చవితి వచ్చేది భాద్రపదంలో, అంటే నడి వానాకాలంలో. తొమ్మిది రాత్రులు ప్రోగ్రాం పెట్టుకుంటే కనీసం నాలుగు రాత్రులు వాన ఖాయం. రెండో జోకు మధ్యలో మొదలైంది. రేకు మీద వాన పడుతుంటే మైకు ఉన్నా లేనట్టే. జోకు సెటప్ జనానికి వినపడింది, చివర్లో నవ్వించాల్సిన పంచ్ రేకు తీసేసుకుంది. నేను గొంతు పెంచాను. అరిస్తే జోకు తిట్టులా వినిపిస్తుంది, ఆ రాత్రి తెలుసుకున్నాను. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలు నేను ఎవరినో కొట్టబోతున్నానని నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లలో ఒకడు ఏడ్చాడు కూడా.

పన్నెండు నిమిషాలకి దిగిపోయాను. తర్వాత వేలంపాట పాడే పెద్దాయన ఎక్కాడు. అదే రేకు, అదే వాన. ఆయన గొంతు పెంచలేదు. వాన జోరు పెరిగినప్పుడు ఆగిపోయి, చెయ్యెత్తి పైకి చూపించి, 'అదిగో, పైవాడు కూడా పాడుతున్నాడు, ఎంతకంటాడో వినపడటం లేదు' అన్నాడు. జనం విరగబడి నవ్వారు. వాన కాస్త నెమ్మదించగానే అంకె చెప్పాడు. మళ్లీ జోరు, మళ్లీ ఆగాడు. నేను స్టేజీ వెనక అరటి గెల పక్కన నిలబడి చూస్తున్నాను. మామూలు వేలం అది, బాలాపూర్ వేలం కాదు. అక్కడి లడ్డూ 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. మా ఊళ్లో ఆ రాత్రి ఎంతకి పోయిందో నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఆయన ఆగడం. వాన మాట్లాడే వంతు వానకి వదిలేశాడాయన.

తర్వాత మా జిల్లాలోనే ఒక మిమిక్రీ మాస్టారి వెనక రెండు సీజన్లు తిరిగాను. మిమిక్రీ వాళ్లంటే మీ జనరేషన్‌కి కాస్త చిన్నచూపని నాకు తెలుసు. 'రైలు కూత, కుక్క అరుపు, సినిమా హీరో, అయిపోయింది' అంటారు. మనం ఈరోజు తిరుగుతున్న దారులన్నీ వాళ్లు వేసినవే. 1971లో వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారు ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చేనాటికి మన ఊళ్లలో స్టాండప్ అన్న మాటే లేదు. ఒక మనిషి, ఒక మైకు, ఎదురుగా వెయ్యి మంది, ఆ పని ఉంది.

మా మాస్టారి సంచి గురించి చెప్తాను, రాసుకోండి. ఒక కరెంటు టెస్టరు. వాన రోజు స్టేజీ ఎక్కగానే మైకు పట్టుకోడు. టెస్టరు పెట్టి చూస్తాడు. తడి స్టేజీ మీద ఎర్తింగ్ సరిగా లేకపోతే మైకు షాకు కొడుతుంది, నవ్వుతాలు కాదు. రబ్బరు చెప్పులు, అందుకే. బూట్లు వేసుకుని ఫొటోకి బాగుంటుంది గానీ తోలు తడిస్తే ప్రమాదం. మైకుకి తొడిగే స్పాంజి తొడుగులు రెండు, అవి పోతే కట్టుకోవడానికి ఒక పాత చేతిరుమాలు. సముద్రం ఒడ్డు ఊళ్లలో, నర్సాపురం, ఉప్పాడ, సూర్యలంక వైపు, గాలి మైకులో పడి బుస్సుమంటుంది. 'ప', 'ఫ', 'భ' వచ్చే మాటలన్నీ పేలతాయి. మా మాస్టారు గాలి ఉన్న రాత్రి ఆ అక్షరాలున్న జోకులు వదిలేసేవాడు. నమ్మండి. 'భార్య' జోకులు మానేసి 'మా ఇంటావిడ' జోకులు చెప్పేవాడు. (నవ్వులు) ఒక తువ్వాలు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో, ఒక టార్చిలైటు, కరివేపాకు కారం వేసిన ఇడ్లీలు నాలుగు. ఇడ్లీలు ఎందుకంటే, ప్రోగ్రాం వానకి చెడితే నిర్వాహకులు ఆర్టిస్టు భోజనం సంగతి మర్చిపోతారు.

డబ్బుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సగం అడ్వాన్సు తీసుకోండి. వాన పడితే మిగతా సగం రాదు, అడగకండి. అడిగితే వచ్చే ఏడాది పిలవరు. అడగకపోయినా పిలవకపోవచ్చు, అది వేరే సంగతి.

ఎండ గురించి ఎవరూ చెప్పరు. వానలో షో ఆగిపోతుంది, ఎండలో షో జరుగుతూనే చస్తుంది. మే నెలలో పల్నాడు వెళ్లాను. రెంటచింతల పేరు వేసవిలో పేపర్లలో చూస్తుంటారు కదా, ఆ చుట్టుపక్కలే. పూర్వ విద్యార్థుల సమ్మేళనం, సాయంత్రం ఆరున్నర, నేల ఇంకా పెనంలా ఉంది. హాల్లో ఎనిమిది డ్రమ్ము కూలర్లు పెట్టారు. కూలర్ చప్పుడు వాన చప్పుడు కన్నా ఘోరం, అది తగ్గదు, పెరగదు, ఒకే శ్రుతి. ఆపమంటే జనం లేచిపోతారు, ఆపకపోతే జోకు వినపడదు. పైగా ఎండకి డస్సిపోయిన మనిషి నవ్వడు. నవ్వాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. మొహంలో చిరునవ్వు ఉంటుంది, గొంతులోంచి రాదు. భరతముని నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు రకాలని చెప్పారు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మే నెల పల్నాడులో ఎంత తన్నుకున్నా స్మితం దాటదు. ఆ స్మితం చూసి 'ఫ్లాప్ అయ్యాను' అనుకుని నేను కంగారుపడి స్పీడు పెంచాను, ఇంకా చెడింది. షో అయ్యాక ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి, 'బాబూ, చాలా నవ్వించావు' అన్నారు. వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. నిజంగానే అన్నారు. ఆయన లోపల నవ్వుకున్నారు, నాకు బయటికి వినపడలేదు, అంతే.

నాట్యశాస్త్రం పేరెత్తాను కాబట్టి, అందులో మొదటి అధ్యాయం మీరు చదవాలి. పండితులు కానక్కర్లేదు, తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది. మొట్టమొదటి నాటకం ఇంద్రుడి ధ్వజోత్సవంలో వేస్తారు. కథేంటి? దేవతలు రాక్షసుల్ని ఓడించడం. ఎదురుగా రాక్షసులు కూడా కూర్చుని చూస్తున్నారు! వాళ్లకి ఒళ్లు మండి, విరూపాక్షుడు అనేవాడి నాయకత్వంలో గొడవ చేస్తారు. ఏం చేశారో వినండి: మాయతో నటుల మాట, నడక, జ్ఞాపకం స్తంభింపజేశారు. మాట పడిపోయింది, కాలు కదలదు, లైన్లు గుర్తు రావు. ఇక్కడున్న ఇరవై ఆరుగురిలో ఇది అనుభవం కానివాళ్లు చెయ్యెత్తండి. (నవ్వులు) ఎవరూ లేరు. ఇంద్రుడికి కోపం వచ్చి జెండా కర్ర తీసుకుని విఘ్నాల్ని, అంటే ఆ గొడవ చేసినవాళ్లని, చితక్కొట్టాడు. ఆ కర్రకి జర్జరం అని పేరొచ్చింది.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. అల్లరి చేసినవాడిని కొట్టాలి అని నేర్చుకుంటారు. తర్వాత రెండు విషయాలు జరుగుతాయి. ఒకటి, బ్రహ్మ విశ్వకర్మని పిలిచి నాటకశాల కట్టమంటాడు. అంటే మొదటి షో బయట వేసి దెబ్బతిన్నాకే హాలు కట్టారు. ఆ హాలు ఎలా ఉండాలో రెండో అధ్యాయంలో ఉంటుంది: కొండ గుహలా ఉండాలట, కిటికీలు చిన్నవిగా ఉండాలట, గాలి దూరకూడదట, అప్పుడే గొంతు గంభీరంగా వినపడుతుందట. మరీ పెద్దది కట్టకండి, మాట చెదిరిపోతుంది, మొహంలో భావం కనపడదు, మధ్యరకం మేలు అంటాడు. ఈరోజు ఏ కామెడీ క్లబ్బు వాడినైనా అడగండి, ఇదే చెప్తాడు. తక్కువ ఎత్తు కప్పు, చిన్న గది, గాలి లేదు. మనం ఆ క్లబ్బు నుంచి జోకు తెచ్చుకున్నాం, గది తెచ్చుకోలేదు. జోకు పట్టుకెళ్లి హైస్కూలు గ్రౌండులో చెప్తున్నాం.

రెండోది, బ్రహ్మ వెళ్లి విరూపాక్షుడిని 'నీ బాధేంటి నాయనా' అని అడుగుతాడు. 'వాళ్లనీ నువ్వే పుట్టించావు, మమ్మల్నీ నువ్వే పుట్టించావు, మమ్మల్ని మాత్రం వెధవల్లా చూపిస్తావా' అన్న అర్థం వచ్చేలా చెప్తాడు విరూపాక్షుడు. న్యాయమైన కంప్లైంటే కదా! బ్రహ్మ కూడా కాదనడు. ఇది మీ ఇద్దరి కోసమే చేసింది కాదు, మూడు లోకాల సంగతీ ఉంటుంది ఇందులో అని సముదాయిస్తాడు. నాకు ఇంద్రుడి కర్ర కన్నా ఈ ప్రశ్న ఎక్కువ పనికొచ్చింది.

మోచేతుల సంగతి చెప్తానన్నాను. నాలుగేళ్ల కిందట జనవరిలో షికాగో దగ్గర తెలుగు వాళ్ల సంక్రాంతి ఫంక్షన్‌కి వెళ్లాను. హైస్కూలు ఆడిటోరియం, ఎనిమిది వందల సీట్లు. ముందు రోజు నుంచి మంచు. బయట మైనస్ 22. నేను లోపల థర్మల్, దాని మీద పంచె, దాని మీద కోటు. భోగి మంటలు అన్నారు, ప్రొజెక్టరు మీద వేశారు. (నవ్వులు) తప్పులేదు, ఫైర్ అలారం మోగుతుంది మరి. నలభై మంది వచ్చారు. ఎనిమిది వందల సీట్లలో నలభై మంది! ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క ద్వీపం. పక్క సీట్లో కోటు, ఆ పక్క సీట్లో పులిహోర డబ్బా.

మొదటి జోకు. నాకు తెలుసు అది పని చేస్తుందని, మూడొందల సార్లు చేసింది. నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక చప్పుడు, దిండు దులిపినట్టు. ఏంటా అని చూస్తే చప్పట్లు. గ్లౌజులు తియ్యకుండా కొడుతున్నారు.

మైకు స్టాండులో పెట్టేసి కిందికి దిగాను. 'అన్నయ్యా, వదినా, దయచేసి ఆ డబ్బాలు తీసుకుని మొదటి మూడు వరసల్లోకి రండి. పులిహోర నాక్కూడా పెట్టండి' అని అందరినీ లేపాను. సణుక్కుంటూ వచ్చారు. పావుగంట పోయింది. కూర్చున్నాక, అదే జోకు, మళ్లీ మొదటి నుంచి, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. నవ్వారు. ఒకాయన నవ్వితే పక్కావిడ భుజం కదులుతుంది, ఆ కదలిక మూడో మనిషికి వెళ్తుంది. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో నవ్వు మీద పరిశోధన చేసినాయన ఉండేవారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని తేల్చారు. ఆడిటోరియంలో నలభై మంది ఉన్నారనుకున్నాను. నిజానికి పదకొండు చోట్ల ఒంటరిగా ఉన్నారు.

ఇదే లెక్క గ్రౌండులో ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. ధ్వని సెకనుకి 340 మీటర్లు వెళ్తుంది. వంద మీటర్ల అవతల ఉన్నవాడికి మీ మాట మూడో వంతు సెకను లేటుగా చేరుతుంది, వాడి నవ్వు మీకు చేరడానికి ఇంకో అంత. ఈలోపు మీరు తర్వాతి వాక్యం మొదలుపెట్టేసి ఉంటారు. పైగా పైకప్పు లేదు, నవ్వు ఆకాశంలోకి పోతుంది, పక్కవాడికి వినపడదు. గ్రౌండు షోలో మెల్లగా చెప్పండి. మీకు విసుగొచ్చేంత మెల్లగా.

కార్పొరేట్ షోల గురించి అడుగుతారేమో. ఒక్క మాట. బఫే తెరిచాక మైకు పట్టుకోకండి. బిర్యానీ ఆవిరి మీద ఏ జోకూ గెలవలేదు.

ఇప్పుడు మధ్యలో అరిచేవాళ్లు. హెక్లర్ అంటున్నారు మీరు. జగిత్యాల వైపు ఒక పెళ్లి దావత్. మబ్బు పట్టి ఉంది, షామియానా బరువుగా వేలాడుతోంది, పొద్దున కురిసిన నీళ్లు పైన గుడ్డలో ఇంకా నిలిచి ఉన్నాయి. మాట్లాడుతున్నంతసేపూ నా కళ్లు ఆ వేలాడే గుడ్డ మీదే. నా గోదావరి యాస వాళ్లకి కొత్త. మూడో జోకు అయింది, నేను పంచ్ చెప్పి ఆగాను. ఆ ఖాళీలో వెనక నుంచి ఒకాయన నింపాదిగా అడిగాడు: 'అన్నా, జోక్ అయిపోయిందా? ఇప్పుడు నవ్వాల్నా?'

నా జీవితంలో నేను రాసిన ఏ జోకుకీ అంత నవ్వు రాలేదు. (నవ్వులు) పందిరంతా ఊగింది. నాకు చెవులు వేడెక్కాయి. నోటిదాకా ఒక మాట వచ్చింది, ఆయన మందు గురించి, ఆయన పొట్ట గురించి. మన వీడియోల్లో చూస్తుంటాం కదా, కమెడియన్ ఒక్క మాటతో హెక్లర్‌ని కూర్చోబెట్టడం. క్లబ్బులో కూర్చోబెట్టండి, అక్కడ వాడెవరో ఎవరికీ తెలియదు. పెళ్లిలో ఆయన పెళ్లికూతురి మేనమామ. ఆయన్ని ఒక్క మాట అంటే రెండొందల మంది చుట్టాలు నా మీదికి వస్తారు, వాళ్ల వైపే న్యాయం ఉంటుంది.

ఆ క్షణంలో నాకు చిన్నప్పుడు చూసిన బుర్రకథ గుర్తొచ్చింది. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకాయన రాజకీయం, ఒకాయన హాస్యం. హాస్యం వంత చేసే పనేంటి? కథకుడు పద్యం ఎత్తుకుని ఎక్కడికో వెళ్లిపోతుంటే, 'ఆగాగు, ఏమంటున్నావు, నాకు తెలీలా' అని అడ్డం పడతాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న వాడు అడుగుతాడు. అంటే మనవాళ్లు హెక్లర్‌కి డక్కీ ఇచ్చి, జీతమిచ్చి, స్టేజీ మీదే నిలబెట్టారు! తోలుబొమ్మలాటలో కూడా అంతే, రామాయణం సాగి సాగి జనం కునికిపాట్లు పడుతుంటే కేతిగాడు, బంగారక్క దూకుతారు. తెల్లవార్లూ ఆరుబయట ఆడినవాళ్లకి తెలుసు, జనం నిద్రపోతారు, అరుస్తారు, వాన వస్తుంది అని. అన్నిటికీ ముందే చోటు పెట్టుకున్నారు. మనం ఒక్కళ్లమే వెళ్తాం. వంత లేని బుర్రకథ మనది.

సరే, ఆ మేనమామతో అన్నాను: 'మామా, నాకు కూడా తెల్వదు ఎప్పుడు అయిపోతదో. నువ్వు ఆడనే ఉండు. నేను చెప్త, అయిపోయిందో లేదో నువ్వు చెప్పు.' నా తెలంగాణ యాస విని సగం మంది అప్పుడే నవ్వారు, అంత అధ్వానంగా ఉంది. ఆయనకి ఎవరో కుర్చీ వేశారు. తర్వాతి జోకు చెప్పి ఆయన వైపు చూశాను. ఆయన ఆలోచించి, చెయ్యి అడ్డంగా ఊపి, 'ఇంకా కాలే' అన్నాడు. ఇంకో వాక్యం కలిపాను. 'ఇంకా కాలే.' నిజంగానే ఆ జోకు చివర సరిగా లేదు, ఆయన కనిపెట్టాడు! అక్కడికక్కడే ఇంకో ముగింపు వేశాను. ఆయన లేచి నిలబడి జనం వైపు తిరిగి, 'అయిపోయింది, నవ్వున్రి' అన్నాడు. ఇరవై నిమిషాల సెట్టు గంటా పది నిమిషాలు వెళ్లింది. ఆ జోకు ఇప్పటికీ ఆయన ముగించిన చోటే ముగిస్తాను. షామియానా మీది నీళ్లు మాత్రం చివర్లో పడ్డాయి, నా మీద కాదు, కీబోర్డు మీద.

భద్రాచలంలో ఇంకోటి జరిగింది. ఒక ఆగస్టులో, కల్యాణ మండపం. గోదావరి 44 అడుగుల దగ్గర ఉంది, ఇంకా పెరుగుతోంది. అక్కడ 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చిన్నపిల్లల్ని లేపి అడిగినా చెప్తారు. జనం వచ్చారు గానీ అందరి కళ్లూ ఫోన్ల మీదే. గంటకోసారి నీటిమట్టం మెసేజ్ వస్తుంది, వచ్చినప్పుడల్లా హాలంతా తలలు దించుతుంది. నాకు మొదట ఒళ్లు మండింది. రెండోసారి తలలు దించినప్పుడు అడిగాను, 'ఎంతండీ?' అని. 'నలభై నాలుగున్నర' అని నలుగురు ఒకేసారి చెప్పారు. 'నా షో ఎన్ని అడుగుల దగ్గరుంది మరి?' ఒక పెద్దావిడ, మొదటి వరసలో, ఏమాత్రం తడుముకోకుండా, 'ముప్పై' అన్నారు. (నవ్వులు) ఇక ఆ తర్వాత ప్రతి జోకుకీ ఆవిడ అడుగులు చెప్పారు. నలభై మూడు దాటినప్పుడు హాలు మొత్తం 'మొదటి హెచ్చరిక!' అని అరిచింది. మూడోది దాకా రాలేదు నేను.

ఒకటి గమనించండి. ఆ ఏడాది కాబట్టి ఆ మాట నడిచింది. 2022 జులైలో అక్కడ నీళ్లు 71 అడుగులు దాటాయి. అప్పుడైతే ఆ మాట నోట్లోంచి రాకూడదు. వాళ్లే ఆట మొదలుపెట్టారా, నేను వాళ్ల మీద ఆడుతున్నానా అన్న తేడా తెలియకపోతే ఈ చిట్కా వాడొద్దు. ఎందుకంటే నాకు తెలియని రోజు ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని వచ్చేటప్పుడు బస్సులో ఆలోచించాను. చెప్తాను.

భీమవరం దగ్గర ఒక ఊరు. అక్టోబరు. రెండు రోజులుగా ముసురు, ఎండ మొహం లేదు. కమ్యూనిటీ హాల్లో షో, రెండొందల మంది, మంచి హాలు, తక్కువ కప్పు, గాలి లేదు, భరతముని వచ్చినా మెచ్చుకునే హాలు. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. హాలుకి జనరేటరు ఉంది, అర నిమిషంలో లైట్లు వచ్చాయి. నేను చీకటి మీద ఒక జోకు వేశాను. ఒక్కడు నవ్వలేదు. చూస్తే అందరూ ఫోన్లు తీశారు. ఒకాయన లేచాడు, ఇంకొకాయన లేచాడు. పదిమంది వెళ్లారు, పాతికమంది వెళ్లారు. నా మీద గౌరవం లేదన్నట్టు అనిపించింది. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన మధ్య వరస నుంచి అందరి కాళ్లూ తొక్కుకుంటూ పరిగెత్తుతుంటే, 'అదిగో, బాబాయి గారికి అర్జెంటు. పర్లేదు బాబాయ్, మేం ఆగుతాం, మీరు ఆగేలా లేరు' అన్నాను.

మామూలుగా అయితే పేలే మాట. హాల్లో మిగిలినవాళ్లు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. చుట్టాల పిల్లాడు చావింట్లో ఈల వేస్తే చూసే చూపు.

షో ఆపేశాక నన్ను పిలిచిన కుర్రాడు చెప్పాడు. వచ్చినవాళ్లలో ముప్పావు వంతు రొయ్యల చెరువుల వాళ్లు. ముసురు పట్టి ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ తయారవదు, రాత్రిపూట ఇంకా పడిపోతుంది. కరెంటు పోతే నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి. అందరికీ డీజిల్ జనరేటర్లు ఉండవు, ఉన్నా ఆ సమయానికి స్టార్టవవు. రెండు మూడు గంటలు చాలు, మూడు నెలలు పెంచిన పంట మొత్తం తేలిపోతుంది. ఆ తెల్ల చొక్కా ఆయనవి రెండు చెరువులు, కౌలుకి తీసుకున్నవి, పట్టుబడికి ఇంకో వారం ఉంది. ఆ వాక్యం వినేటప్పటికి నా చేతిలో టీ గ్లాసు ఉంది. తాగలేదు.

'వెళ్దామా' అన్నాను. ఏం చేయడానికో నాకే తెలియదు. ఆ కుర్రాడి బైకు మీద వెళ్లాం. గట్టు మీద బురద, మోకాలి దాకా. మా మాస్టారిని చూసి సర్దుకున్న నా సంచిలో రబ్బరు చెప్పులు ఉన్నాయి గానీ అవి రెండడుగులకే ఊడిపోయాయి. ఆయన జనరేటరు మీద వంగి ఉన్నాడు, పక్కన కొడుకు హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఇంకో మనిషి గట్టు వెంట నడుస్తూ ఆక్సిజన్ బిళ్లలు నీళ్లలోకి విసురుతున్నాడు. ఆయన నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. నేను సారీ చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన వినలేదు, లేదా విననట్టు ఉన్నాడు. 'టార్చి ఉందా' అన్నాడు. ఉంది, సంచిలో. ఇంజను మీద పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను, చెయ్యి లాగేసింది. మధ్యలో ఒకసారి నా చెయ్యి జారి వెలుగు నీళ్ల మీద పడింది. గట్టు పొడుగునా నీళ్ల అంచున రొయ్యలు పైకి వచ్చేశాయి. వందలు, వేలు. కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి, మీసాలు నీళ్ల పైకి ఆడుతున్నాయి.

ఆయన తలెత్తి ఆ వెలుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, చాలా మామూలు గొంతుతో అన్నాడు: 'ఇక్కడ చెప్పండి సార్ మీ జోకు. హౌస్‌ఫుల్ అయింది.'

ఆయన కొడుకే ముందు నవ్వాడు. హ్యాండిల్ వదిలేసి కూలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, టార్చి మళ్లీ ఇంజను మీదికి తిప్పాను. ఇంకో పది నిమిషాలకి అది అందుకుంది.